దుకాణం ఎవరిది, మాట ఎవరిది?
రాయపూర్ చౌకధరల దుకాణాల అనుభవం – మన సంఘాలకు పాఠాలు

నెలకొకసారి బియ్యం కొరకు చౌకధరల దుకాణం ముందు వరుసలో నిలబడే ప్రతి ఇల్లాలికీ ఒక సందేహం కలుగుతూనే ఉంటుంది. దుకాణం ఏ రోజు తెరవవలెను, తూకం సరిగా ఉన్నదా, వచ్చిన సరుకు ఎంత, మిగిలిన సరుకు ఏమైనది – ఈ విషయాలను నిర్ణయించేది ఎవరు? నిర్ణయం ఒకరిది, దాని ఫలితాన్ని అనుభవించేది మరొకరు అయినప్పుడు ఏ వ్యవస్థ అయినా బాగుపడుట కష్టము. ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి, మాటకు మాట చెప్పుకొనే ఏర్పాటు చేసినట్లయితే ఏమి జరుగుతుందో తెలుసుకొనుటకు రాయపూర్ రాజధానిగా గల ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం మంచి ఉదాహరణ. సంఘాల ద్వారా ఋణం పొందిన మీకు, దుకాణాలు నడుపుతున్న డీలర్లకు కూడా ఈ అనుభవం ఉపయోగపడగలదు.

పూర్వపు పరిస్థితి

ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినది. వరి విరివిగా పండే ప్రాంతం కావడం వలన దీనికి ‘ధాన్యపు గిన్నె’ అని పేరు. అయినప్పటికీ తొలి సంవత్సరాలలో పేదలకు చేరవలసిన బియ్యంలో పెద్ద భాగం దారి తప్పినది. జాతీయ నమూనా సర్వే లెక్కల ఆధారంగా ఆర్థికవేత్తలు జాఁ ద్రెజ్, రీతికా ఖేరా వేసిన అంచనా ప్రకారం 2004–05లో ఆ రాష్ట్రంలో సుమారు సగం బియ్యం కార్డుదారుల ఇంటికి చేరలేదు.

దీనికి డీలర్ల దురాశ ఒక్కటే కారణమని చెప్పుట న్యాయము కాదు. అప్పట్లో దుకాణానికి లభించే కమీషను క్వింటాలుకు సుమారు 8 రూపాయలు మాత్రమే. లెక్క మీరే వేసి చూడండి. ఒక దుకాణం క్రింద 500 కార్డులు, కార్డుకు నెలకు 35 కిలోలు అనుకొన్నట్లయితే నెలసరి అమ్మకం 175 క్వింటాళ్లు. దానిపై కమీషను 1,400 రూపాయలు. గది అద్దె, కాటా మనిషి కూలి, బస్తాల దించుడు ఖర్చు, తరుగు – ఇవన్నీ ఆ 1,400 లోనే గడవవలెను. నిజాయితీగా నడిపేవాడు నష్టపోయి, సరుకును ప్రక్కదారి పట్టించేవాడు నిలబడే పరిస్థితి అది. అటువంటి చోట తనిఖీలు ఎన్ని పెంచినా ప్రయోజనం స్వల్పము.

2004 నాటి మార్పు

2004లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కొత్త నియంత్రణ ఉత్తర్వు తెచ్చినది. దీని ప్రకారం దుకాణాలను ప్రైవేటు వ్యక్తుల నుండి తప్పించి గ్రామ పంచాయతీలకు, మహిళా స్వయం సహాయక సంఘాలకు, సహకార సంఘాలకు, అటవీ రక్షణ సమితులకు అప్పగించారు. కొందరు డీలర్లు న్యాయస్థానాలను ఆశ్రయించడం వలన అమలు కొంత ఆలస్యమైనది. జీవనోపాధి పోయిన కుటుంబాల బాధ చిన్నది కాదని మనం గుర్తించవలెను.

యాజమాన్యం మార్చుటతో పని పూర్తి కాలేదు. కమీషనును క్వింటాలుకు 30 రూపాయలకు పెంచారు. పై ఉదాహరణలోని దుకాణానికి దీని వలన నెలకు 5,250 రూపాయలు వస్తుంది. సరుకు కొనుగోలుకు పెట్టుబడి లేక దుకాణం మూతపడకుండా ఒక్కొక్క దుకాణానికి 75,000 రూపాయల వరకు వడ్డీలేని ఋణం ఏర్పాటు చేశారు. బియ్యాన్ని గోదాము నుండి దుకాణం గుమ్మం వరకు ప్రభుత్వ ఏర్పాటుపైనే పసుపు రంగు లారీలలో చేర్చారు. లారీ బయలుదేరినప్పుడు, పేరు నమోదు చేసుకొన్న పౌరులకు సెల్ ఫోనులో సందేశం వెళ్లే ఏర్పాటు జరిగినది. ప్రతి నెల మొదటి వారంలో ‘చావల్ ఉత్సవ్’, అనగా బియ్యపు పండుగ పేర అందరి ఎదుట పంపిణీ జరిపారు.

ఈ ఏర్పాట్లన్నిటిలో ఉమ్మడి సూత్రం ఒకటి కలదు. సరుకు ఎప్పుడు వచ్చినది, ఎంత వచ్చినది అన్న సంగతి ఇంతకుముందు ఇద్దరు ముగ్గురికే తెలిసేది. ఇప్పుడు ఊరందరికీ ఒకే సమయంలో తెలిసినది. తెలిసినవాడు అడుగుతాడు. అడుగుతారని తెలిసినవాడు జాగ్రత్తగా ఉంటాడు. ధరల తగ్గింపు, కార్డుల విస్తరణ, ధాన్యం సేకరణ మెరుగుదల కూడా తోడైనందువలన 2009–10 నాటికి దారి తప్పిన బియ్యం సుమారు పదోవంతుకు తగ్గినదని పై ఆర్థికవేత్తల అంచనా. 2012 డిసెంబరులో, జాతీయ ఆహార భద్రతా చట్టం కంటే ముందే, ఆ రాష్ట్రం తన స్వంత ఆహార భద్రతా చట్టాన్ని చేసుకొన్నది.

రాయపూర్ నగరంలో ‘నా ఇష్టం’

గ్రామంలో సంఘ సభ్యులు, కార్డుదారులు ఒకరికొకరు తెలిసినవారు. నగరంలో ఆ వీలు తక్కువ. అందుచేత 2012లో రాయపూర్ నగరంలో వేరొక మార్గం తొక్కారు. కార్డుదారుడు తనకు కేటాయించిన ఒకే దుకాణానికి కట్టుబడి ఉండనక్కరలేదు. నగరంలోని ఏ దుకాణంలోనైనా తన కోటా తీసుకొనవచ్చును. దుకాణంలోని చిన్న యంత్రం అతని కార్డును గుర్తించి, మిగిలి ఉన్న కోటాను చూపుతుంది. హిందీలో దీనిని ‘మేరీ మర్జీ’, అనగా ‘నా ఇష్టం’ అని పిలిచారు.

తూకం తగ్గించే దుకాణాన్ని, వేళకు తెరవని దుకాణాన్ని జనం నోటితో తిట్టనక్కరలేదు. కాళ్లతో తీర్పు చెప్పగలరు. అమ్మకం తగ్గితే కమీషను తగ్గుతుంది గనుక దుకాణదారుడు తానే దారికి వస్తాడు. 1970లో ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ తన గ్రంథంలో ఈ విషయాన్ని విశదీకరించారు. ఏ సంస్థ అయినా చెడిపోతున్నప్పుడు దానిని ఆశ్రయించినవారికి రెండు మార్గాలు ఉంటాయి: విడిచి వెళ్లుట, గొంతెత్తి చెప్పుట. ఒకే దుకాణం గల పల్లెలో మొదటి మార్గం దాదాపు లేదు. కాబట్టి అక్కడ రెండవ మార్గమైన మాట్లాడే హక్కును బలపరచవలసి ఉంటుంది.

ఈ ఎంపిక సదుపాయం తరువాత మన దాకా వచ్చినది. 2019 ఆగస్టు 9న ‘ఒకే దేశం – ఒకే రేషను కార్డు’ ప్రయోగాన్ని ఆంధ్రప్రదేశ్–తెలంగాణ, గుజరాత్–మహారాష్ట్ర రాష్ట్రాల జంటలలో ప్రారంభించారు.

చదువు నుండి సంఘం వరకు

సంఘానికి దుకాణం అప్పగించినంత మాత్రాన నడిపే నేర్పు రాదు. నేర్పు అనగా ఇక్కడ పుస్తక పాఠం వినుట కాదు; తన సమస్యను తానే చర్చించి, తేల్చుకొని, అమలు జరిపి, ఫలితాన్ని తిరిగి చర్చించుట. మన నెల్లూరు జిల్లా ఇందుకు పెద్ద నిదర్శనము. అక్షరాస్యతా ఉద్యమంలో అక్షరాలు దిద్దుకొన్న దూబగుంట మహిళలు పాఠంలోని సంగతిని తమ ఊరి సారాకొట్టుకు అన్వయించుకొని 1992లో ఉద్యమించారు. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చినది. ఆ చైతన్యం నుండే జిల్లాలో పొదుపు ఉద్యమం విస్తరించినది.

అదే 1992లో జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు 500 సంఘాలతో బ్యాంకు అనుసంధాన ప్రయోగాన్ని ఆరంభించినది. క్రమబద్ధమైన సమావేశం, క్రమబద్ధమైన పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో చెల్లింపు, సక్రమమైన లెక్కలు – ఈ పంచసూత్రాలలో సమావేశాన్ని మొదటగా చెప్పుటలో ఔచిత్యం ఉన్నది. సమావేశం సన్నగిల్లినచోట మిగిలిన నాలుగూ ఎక్కువ కాలం నిలువవు.

ఎలా నిర్ణయించుకొనవలెను?

ఉదాహరణకు మీ సంఘం ఒక దుకాణాన్ని గాని, ధాన్యం కొనుగోలు కేంద్రాన్ని గాని నడపదలచినది అనుకొందాము. అధ్యక్షురాలు, కార్యదర్శి ఇద్దరే మాట్లాడి, మిగిలినవారు తల ఊపి వేలిముద్ర వేసినట్లయితే అది సమావేశం అనిపించుకొనదు. ఈ క్రింది పద్ధతి సులభమైనది. చదువు రానివారికి కూడా అందుబాటులో ఉండునది.

ముందుగా నేలపై ముగ్గుతో ఊరి పటం వేయండి. ఇండ్లు, వాడలు, దారులు, వాగు గుర్తించండి. దుకాణం ఏ చోట ఉన్నట్లయితే ఏ వాడవారు ఎంత దూరం నడవవలసి వచ్చునో అందరికీ కనిపిస్తుంది. కాగితం మీద కనబడని వాడ నేల మీద కనబడుతుంది.

పిమ్మట వేళలను తేల్చండి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం అని మూడు గీతలు గీసి, ప్రతి సభ్యురాలికీ ఐదేసి చింతగింజలు ఇచ్చి, తనకు అనుకూలమైన వేళ వద్ద పెట్టమనండి. కూలికి వెళ్లేవారు నోరు విప్పి చెప్పని మాటను ఆ గింజలు చెబుతాయి. ఇటువంటి పద్ధతులు 1980 దశకపు చివర నుండి మన దేశంలో భాగస్వామ్య గ్రామీణ పరిశీలన అను పేర వ్యాప్తిలోనికి వచ్చినవి.

చివరకు మాట్లాడనివారిని ముందుగా మాట్లాడనివ్వండి. భిన్నాభిప్రాయం ఉన్నట్లయితే దానిని కూడా తీర్మానాల పుస్తకంలో వ్రాయండి. ఆరు నెలల తరువాత నష్టం వచ్చినప్పుడు నాటి హెచ్చరిక ఎవరు చేశారో, ఎందుకు వినలేదో తెలుసుకొనుటకు ఆ వ్రాతయే ఆధారము.

ఋణం తీసుకొనే ముందు

దుకాణం పెట్టుబడికి సంఘం బ్యాంకు ఋణం వాడుకొన్నప్పుడు నష్టం వచ్చినట్లయితే ఆ బాధ్యత దుకాణంలో కూర్చున్న ఒకరిద్దరిపై కాక, సభ్యులందరిపై పడుతుంది. పిల్ల పెండ్లికో, పాడి గేదెకో దాచుకొన్న పొదుపు ఆ లోటుకు సరిపెట్టవలసి రావచ్చును. కాబట్టి ఈ జాగ్రత్తలు పాటించండి.

1. దుకాణం సొమ్మును సంఘ పొదుపు ఖాతాలో కలపవద్దు. వేరు ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలతో నడపండి.

2. వచ్చిన సరుకు, అమ్మిన సరుకు, నిల్వ – ఈ మూడింటినీ దుకాణం నడపని ఇద్దరు సభ్యులు నెలకొకసారి బస్తాలు లెక్కించి సరిచూడవలెను. ఈ ఇద్దరినీ వంతులవారీగా మార్చండి.

3. సమావేశంలో లెక్కను పైకి చదివి వినిపించండి. చదువు రాని సభ్యురాలికి చెవియే పుస్తకము.

4. మాదిరి తూకం కొరకు ఖచ్చితమైన తూకపురాళ్లను దుకాణంలో అందరికీ కనిపించేటట్లు ఉంచండి.

5. కమీషనులో ఖర్చులు పోను మిగిలినదానిలో మొదట ఋణ వాయిదా చెల్లించి, ఆపైననే పంపకం చేయండి.

లోపాలను కూడా చూడవలెను

రాయపూర్ అనుభవంలో మచ్చలు లేకపోలేదు. 2015 ఫిబ్రవరిలో రాష్ట్ర పౌర సరఫరాల సంస్థ కార్యాలయాలపై అవినీతి నిరోధక శాఖ సోదాలు జరిపినది. నాసిరకం బియ్యం, లంచాల గురించి తీవ్ర ఆరోపణలు వెలువడినవి. దుకాణం గుమ్మం దగ్గర ప్రజల కన్ను ఉన్నది గాని, మిల్లు నుండి గోదాము వరకు అంతటి కన్ను లేదని దీనివలన బోధపడుతుంది. మీ సంఘం తన కాటాను సరిచూసుకొంటే చాలదు. దిగుమతి అయ్యే ప్రతి బస్తా నాణ్యతను లారీ ఉండగానే పరిశీలించి, బాగులేనట్లయితే వ్రాతపూర్వకంగా తిప్పి పంపవలెను.

రెండవ ప్రమాదం సంఘం పేరు ముందు, వేరొకరి పెత్తనం వెనుక ఉండుట. బయటి వ్యక్తి పెట్టుబడి పెట్టి, ‘మీరు సంతకం చేయండి చాలు, మిగిలినది నేను చూచుకొంటాను’ అన్నప్పుడు ఆ సంతకమే మీ మెడకు ఉరి కాగలదు. అనుమతి ఎవరి పేర ఉన్నదో, జవాబుదారీ వారిదే.

యంత్రాల విషయంలో కూడా తొందర తగదు. సంకేతం అందని చోట, వేలిముద్ర పడని వృద్ధుల విషయంలో ప్రత్యామ్నాయ ఏర్పాటు లేకున్నట్లయితే వారు వట్టి సంచితో ఇంటికి మరలవలసి వస్తుంది. అటువంటివారి పేర్లు వ్రాసి ఉంచి, పంచాయతీ దృష్టికి తెచ్చుట సంఘం విధిగా భావించవలెను.

డీలరు సోదరులకు ఒక మాట

ఈ వ్యాసం మీకు వ్యతిరేకంగా వ్రాసినది కాదు. న్యాయమైన కమీషను లేకుండా న్యాయమైన తూకం ఆశించరాదని రాయపూర్ లెక్కలే చెబుతున్నవి. మీరు మీ నిల్వల పట్టికను గోడపై వ్రాసి, నెలకొకసారి కార్డుదారులను పిలిచి మాట్లాడినట్లయితే, కమీషను పెంచమని మీరు చేసే విజ్ఞప్తికి ఊరంతా సాక్ష్యం పలుకుతుంది. ఎరువులు, విత్తనాలు అమ్మే వర్తకులకు కూడా ఇది వర్తిస్తుంది. అనుమానపడే ఖాతాదారుడు అప్పు ఎగవేయుటకు సాకు వెతుకుతాడు. లెక్క చూచిన ఖాతాదారుడు చెల్లించుటకు వెనుదీయడు.

పాఠకులారా! మీ సంఘం వచ్చే సమావేశంలో ఒక చిన్న పని చేసి చూడండి. గత మూడు తీర్మానాలను పైకి చదివించి, ప్రతిదానికీ ‘ఇందులో మాట్లాడినవారు ఎందరు?’ అని ప్రశ్నించండి. ఇద్దరు ముగ్గురి పేర్లే వినవచ్చినట్లయితే, కొత్త ఋణానికి దరఖాస్తు పెట్టుటకు ముందు ముగ్గు, చింతగింజలు తెచ్చి చాప పరచండి. ఆ చాప మీద గడిపే ఒక గంట, ముందు ముందు బ్యాంకు గుమ్మం వద్ద తలవంచుకొని నిలబడవలసిన ఎన్నో గంటలను తప్పించగలదు.