స్లైడ్‌షోకి పాట పెడుతున్నారా? యూట్యూబ్‌లో మూగబోకుండా ముందే ఇలా చేయండి!

పశ్చిమ గోదావరి జిల్లా అత్తిలిలో పెళ్లి జరుగుతోందనుకుందాం. ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ తెర మీద తాతయ్య, నానమ్మల కాలం నాటి ఫొటోలు ఒక్కొక్కటే వస్తున్నాయి. వెనకాల మంచి సినిమా పాట. చూసేవాళ్ల కళ్లు చెమరుస్తున్నాయి. అదే వీడియోని అమెరికాలో ఉన్న మేనమామ కోసం యూట్యూబ్‌లో పెడితే.. ఫొటోలు కనిపిస్తున్నాయి, పాట మాత్రం వినిపించట్లేదు! అటు తణుకులోనైనా, ఇటు భీమవరంలోనైనా చాలామందికి ఇదే తలనొప్పి. ఎందుకిలా?

పాట పెట్టడం ఎలా?

పవర్‌పాయింట్‌లో మొదటి స్లైడ్ మీద ఉండి ఇన్సర్ట్, ఆడియో నొక్కి పాట ఎంచుకోవాలి. తర్వాత ప్లేబ్యాక్ ట్యాబ్‌లో 'ప్లే ఇన్ బ్యాక్‌గ్రౌండ్' నొక్కితే చాలు. స్లైడ్లు మారినా పాట ఆగదు. స్పీకర్ గుర్తు కూడా తెర మీద కనిపించదు.

గూగుల్ స్లైడ్స్‌లో అయితే పాట ముందుగా మీ గూగుల్ డ్రైవ్‌లో ఉండాలి. ఆడియో పెట్టాక 'స్టాప్ ఆన్ స్లైడ్ ఛేంజ్' దగ్గర టిక్ తీసేయాలి. లేదంటే రెండో స్లైడ్‌కే పాట ఆగిపోతుంది.

చిన్న లెక్క కూడా చూసుకోండి. పాట 4 నిమిషాలంటే 240 సెకన్లు. ఫొటోలు 40 ఉంటే ఒక్కోదానికి 6 సెకన్లు. ట్రాన్సిషన్స్‌లో ఆ టైమ్ పెడితే పాట, ఫొటోలు ఒకేసారి ముగుస్తాయి.

హాల్లో ఓకే.. యూట్యూబ్‌లో ఎందుకు కాదు?

కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 52 పెళ్లి వేడుకల్లో పాటలు వేసుకోవడానికి మినహాయింపు ఇచ్చింది. కేంద్రం 2023 జులైలో దీనిపై మరోసారి స్పష్టత కూడా ఇచ్చింది. కానీ అది వేడుక వరకే. యూట్యూబ్‌లోని కంటెంట్ ఐడీ అనే వ్యవస్థ అప్‌లోడ్ చేసిన వీడియోల్లో పాటల్ని తనంతట తానే పోల్చి పట్టేస్తుంది. ఆ తర్వాత ప్రకటనల డబ్బు తీసుకోవాలా, వీడియోని ఆపేయాలా అన్నది పాట హక్కుదారుల ఇష్టం. వీడియో నిలవాలంటే ఒక్కోసారి ఆ పాటను తీసేయడమో, మ్యూట్ చేయడమో తప్పదు.

పాత పాటే కదా అనుకోవద్దు. 'మాయాబజార్' 1957లో వచ్చింది. రికార్డింగ్‌పై హక్కు 60 ఏళ్లే. కానీ సాహిత్యంపై హక్కు రచయిత చనిపోయాక 60 ఏళ్లు ఉంటుంది. పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు. అంటే 2031 చివరి వరకు ఆయన మాటలకు రక్షణ ఉన్నట్టే!

మరి దారేంటి?

రెండు కాపీలు చేసుకోండి. హాల్లో వేయడానికి సినిమా పాటతో ఒకటి. యూట్యూబ్‌కి వేరే సంగీతంతో మరొకటి. యూట్యూబ్ స్టూడియోలోని ఆడియో లైబ్రరీలో ఉచిత ట్యూన్లు దొరుకుతాయి. ఇప్పటికే క్లెయిమ్ వచ్చి ఉంటే కంగారొద్దు. అది స్ట్రైక్ కాదు. స్టూడియోలోనే 'రీప్లేస్ సాంగ్' ఆప్షన్‌తో పాట మార్చుకోవచ్చు.

అన్నిటికన్నా మంచి దారి ఇంట్లోనే ఉంది. తరతరాలుగా వస్తున్న పెళ్లిపాటని నానమ్మ చేత పాడించి ఫోన్‌లో రికార్డు చేయండి. మేనమామకి ఫొటోలతో పాటు ఆ గొంతూ చేరుతుంది. రేపు ఎంత వెతికినా ఏ లైబ్రరీలోనూ దొరకని గొంతు అది!