ఊరు కదలదు, చిరునామా మారుతుంది

2022 ఏప్రిల్ 4వ తేదీన జంగారెడ్డిగూడెం జిల్లా మారింది. అంతవరకూ పశ్చిమ గోదావరి అని రాసుకున్నవారు ఆనాటినుంచి ఏలూరు జిల్లా అని రాసుకోవలసి వచ్చింది. పారిజాతగిరి అంగుళం జరగలేదు. పొగాకు వేలం కేంద్రం ఎక్కడిదక్కడే వున్నది. మారిందల్లా చిరునామా.

ఊరు వేరు, చిరునామా వేరు. ఈ చిన్న సంగతిని ఆధారం చేసుకునే మన చేతుల్లోని ఫోనులు లక్షల ఫైళ్ళకు లెక్క చూస్తున్నవంటే ఆశ్చర్యంగా వుంటుంది. ఆ లెక్క చూసే గుమాస్తా పేరు కెర్నెల్. అమెరికాలోని బెల్ లేబరేటరీలో 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు ప్రారంభించిన యునిక్సులో యీ పద్ధతి రూపు దిద్దుకున్నది. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్సు దానినే అనుసరించింది. ఆండ్రాయిడ్ ఫోనులన్నిటిలోనూ పనిచేసేది లినక్సు కెర్నెలే.

ఈ గుమాస్తాకు ఫైలు పేరు ముఖ్యం కాదు, నంబరు ముఖ్యం. ఆ నంబరు గల ఖాతాను ఐనోడ్ అంటారు. ఫైలు ఎవరిది, ఎంత పెద్దది, డిస్కులో ఏయే గళ్ళలో వున్నది, అన్నీ అందులో వుంటాయి, ఒక్క పేరు తప్ప! పేర్లుండేది డైరెక్టరీలో. డైరెక్టరీ అంటే మరేమీ కాదు, పేరూ, దాని ఎదుట నంబరూ రాసిన పట్టీ. ఫొటోలలో, పెళ్ళిలో, తలంబ్రాల బొమ్మ కావాలని మీరడిగితే, కెర్నెల్ మొదటి పట్టీలో 'ఫొటోలు' నంబరు చూసి, ఆ పట్టీ తెరిచి 'పెళ్ళి' నంబరు చూసి, అలా మెట్టు మెట్టుగా బొమ్మను చేరుతుంది.

అందుకే ఎంత పెద్ద సినిమానైనా అదే డిస్కులో మరొకచోటికి మార్చితే చిటికెలో పని అయిపోతుంది. కదిలింది పేరే గదా! ఒకే ఫైలుకు రెండు పేర్లుండవచ్చు. ఒకటి కొట్టివేసినా ఫైలు పోదు. ఆఖరి పేరు పోయినా, దానిని తెరిచి చూస్తున్నవారు మూసేదాకా కెర్నెల్ ఆ గళ్ళు ఖాళీ చేయదు.

ఇక కుక్కునూరు, వేలేరుపాడు మండలాలను చూడండి. 2014 వరకు ఖమ్మం జిల్లాలో వుండి, ఆ ఏడు పశ్చిమ గోదావరిలో కలిసి, 2022లో ఏలూరు జిల్లాకు వచ్చాయి. పల్లెలు అవే, తగిలించిన కొమ్మ మారింది. పెన్ డ్రైవు సంగతీ యింతే. గుచ్చగానే దాని పట్టీలన్నిటినీ కెర్నెల్ తన చెట్టులో ఒక కొమ్మకు తగిలిస్తుంది. దీనినే మౌంట్ అంటారు. ఒకటో నంబరు ఇల్లు ప్రతి ఊళ్ళోనూ వున్నట్లే ఐనోడ్ నంబరు కూడా ఏ డిస్కుకు ఆ డిస్కుదే. కనుక డ్రైవులోకి పంపాలంటే పేరు మార్చితే చాలదు, సరుకంతా మోయాలి. అందుకే అంత ఆలస్యం.

అసలు ప్రమాదం యిక్కడే. మీరు పంపినదాన్ని కెర్నెల్ చాలాసార్లు ముందు తన జ్ఞాపకంలో వుంచుకుని, తీరికమీద డ్రైవులో రాస్తుంది. తెరమీద పని అయిపోయినట్లే కనిపిస్తుంది. ఆ క్షణాన లాగేస్తే సగం ఫొటోలే కాదు, పట్టీలే చెడిపోవచ్చు. అప్పుడు బొమ్మలు గళ్ళలో వున్నా, వాటిని చేరే దారి వుండదు. తీసేస్తామని ముందు చెబితే మిగిలింది రాసేసి కొమ్మను విప్పుతుంది. ఎవరైనా వాడుతుంటే, పని జరుగుతున్నదని నిరాకరిస్తుంది.

ఇవాళ పెళ్ళి ఆల్బములూ, పోయిన తాతగారి గొంతూ చాలా ఇళ్ళలో వుండేది ఆ వేలెడు డ్రైవులోనే. అల్లుడుగారు బస్సుకు తొందరపడుతున్నా సరే, ఇక తీయవచ్చునన్న మాట తెరమీద కనిపించేదాకా దానిమీద చేయి వేయనీయకండి.