కారిన చెమట కాదు, ఆరిన చెమటే కాపాడేది

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతయ్ అంటారు. ఆ ఎండల్లో కూడా యర్రగొండపాలెం చుట్టుపక్కల రోడ్ల మీద మన పిల్లోళ్లు పరిగెత్తతానే ఉంటారు. కొందరు మబ్బున లేసి, కొందరు కూలిపని నుంచి వచ్చి సాయంత్రం నాలుగున్నరకి. సరదాకి కాదు, ఉద్యోగానికి. కానిస్టేబుల్ కావాలంటే మగపిల్లలు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడపిల్లలు 10 నిమిషాల 30 సెకన్లలో ముగించాల. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కి 4 గంటల్లో మగవాళ్లు 25 కిలోమీటర్లు, ఆడవాళ్లు 16 కిలోమీటర్లు నడవాల. పరీక్ష ఎప్పుడు పెడతారో తెలీదు. 2022 నవంబరులో వచ్చిన కానిస్టేబుల్ నోటిఫికేషన్‌కి ఈ పరుగులు 2024 డిసెంబరు ఆఖర్లో గానీ మొదలుకాలా. అందుకే కాలం చూసుకొని సాధన చేసే వీలు మనోళ్లకి లేదు. ఎండల్లో కూడా ఆపకుండా పరిగెత్తాల్సిందే.

అట్టాంటప్పుడు ఎండ మనల్ని ఏం చేస్తదో తెలుసుకోవాల. పరిగెత్తేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో ముప్పావు వంతు వేడిగానే మారుద్ది. ఒంట్లో ఉండాల్సింది 37 డిగ్రీలు. ఎక్కువైన వేడిని బయటికి పంపేది చెమట. కానీ చెమట కారితే చాలదు, ఆరాల. మన ఇంట్లో మట్టికుండని చూడండి. బయటి చెమ్మ గాలికి ఆరుద్ది కాబట్టే లోపల నీళ్లు చల్లబడతయ్. ముసురు రోజున అదే కుండ, అవే నీళ్లు, చల్లదనం ఉండదు. మన ఒళ్లూ అంతే. గాల్లో తేమ ఎక్కువుంటే చెమట ధారగా కారిపోద్ది గానీ వేడిని తీసుకుపోదు.

మన పడమటి ప్రకాశం పిల్లలకి ఇక్కడే అసలు దెబ్బ. మనది పొడి ఎండ. నల్లమల కింద 40 డిగ్రీల్లో సాధన చేసినోడు సెలక్షన్ ఒంగోలులో పడితే అక్కడ 35 డిగ్రీలేగా అనుకుంటాడు. కానీ అది సముద్రం గాలి, ఉక్కపోత. మనకి అలవాటైన వేగంతోనే పోతే రెండో రౌండుకే ఊపిరాడదు. థర్మామీటరు ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. 1950లలో అమెరికా మెరైన్ల క్యాంపుల్లో కొత్తగా చేరిన కుర్రాళ్లు వేడికి కూలిపోతంటే, ఎండ, తేమ, గాలి మూడూ కలిపి కొలిచే లెక్క తయారుచేశారు. ఆ లెక్కని బట్టి గ్రౌండులో జెండా ఎగరేస్తారు. నల్లజెండా ఎగిరితే ఆరుబయట కసరత్తు బంద్. సైనికులకే అంత జాగ్రత్త ఉంటే, మన పిల్లలకెందుకు ఉండకూడదు?

ఇప్పుడు చేయాల్సినయి చెప్తా. ఒళ్లు ఎండకి అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుద్ది. ఆ రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరుగుద్ది, చెమట తొందరగా మొదలవుద్ది, చెమటలో పోయే ఉప్పు తగ్గుద్ది. కాబట్టి హైదరాబాదు హాస్టల్ నుంచి ఊరికొచ్చినోళ్లు మొదటి నాలుగు రోజులు సగం దూరమే, నిదానంగా పోవాల. మళ్లీ రెండు మూడు వారాలు మానేస్తే ఆ అలవాటు పోద్ది. మబ్బున తేమ ఎక్కువే ఉంటది గానీ నెత్తిన సూర్యుడుండడు, నేల చల్లారి ఉంటది. సాయంత్రం నాలుగున్నరకి తారురోడ్డు ఇంకా కాలతానే ఉంటది. రెంటిలో మబ్బునే నయం.

బరువు తగ్గుతామని జర్కిన్ వేసుకొని పరిగెత్తడం మానండి. అది చెమటని ఆరనీదు. నీళ్లు తాగితే స్టామినా పెరగదని కొందరు శిక్షకులు చెప్పే మాట వినొద్దు. దప్పికైతే తాగాల. 25 కిలోమీటర్ల నడకకి వట్టి నీళ్లు చాలవు, అట్టాగని కడుపు నిండా అదేపనిగా తాగడమూ ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుద్ది. ఉప్పేసిన మజ్జిగ మేలు. లేదంటే లీటరు నీళ్లకి ఆరు టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు, చెంచా మట్టానికి కొలిచి కలుపుకోండి. జ్వరం, విరోచనాలు ఉన్న రోజు పరుగు జోలికి పోవద్దు.

పక్కనోడు తూలతన్నా, పొంతన లేకుండా మాట్లాడతన్నా, ఉన్నట్టుండి కూలబడినా అది వడదెబ్బ అనుకోండి. చెమట పడతంది కదా, వడదెబ్బ కాదులే అనుకోవద్దు. పరుగులో వచ్చే వడదెబ్బకి ఒళ్లంతా చెమటతో తడిసే ఉండొచ్చు. ఒకరు 108కి ఫోన్ చేయండి. మిగతావాళ్లు బండి కోసం ఎదురుచూడకుండా నీడకి చేర్చి, చొక్కా తీసి, ఒంటినిండా నీళ్లు పోసి విసరండి. తొట్టి ఉంటే తల పైకి పట్టుకొని మెడదాకా నీళ్లలో కూచోబెట్టండి. స్పృహ సరిగ్గా లేనోడి నోట్లో నీళ్లు పోయొద్దు. ముందు చల్లార్చాల, తర్వాతే ఆసుపత్రికి తరలించాల. అమెరికాలో ఫాల్మౌత్ అనే ఊళ్లో ఏటా ఆగస్టులో సుమారు 11 కిలోమీటర్ల పరుగుపందెం జరుగుద్ది. అక్కడ 18 ఏళ్లలో 274 మందికి వడదెబ్బ తగిలితే, ఐసు నీళ్ల తొట్టెల్లో ముంచి అందర్నీ బతికించారు.

ఇక జార్ఖండ్ చూడండి. 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో ఎక్సైజ్ కానిస్టేబుల్ సెలక్షన్లలో గంటలో 10 కిలోమీటర్లు పరిగెత్తించారు. పదిమందికి పైగా చనిపోయారు. కారణాల మీద వాదులాటలు జరిగినయ్. చావుల తర్వాత ముఖ్యమంత్రి మూడు రోజులు పరుగులు ఆపించి, పొద్దున తొమ్మిది దాటినాక పెట్టొద్దన్నాడు. ఆ మాట మొదటి రోజే చెప్పుంటే ఏం పోయేది?

మనం అడగాల్సింది కూడా అదే, అదీ ముందుగానే. తొమ్మిదిలోపు పరుగు ముగించాల. గ్రౌండులో నీడ, తాగే నీళ్లు, అంబులెన్సు ఉండాల. ఒక తొట్టి, నాలుగు ఐసు దిమ్మలు ఉండాల. ఫ్లోరైడ్ భయానికి క్యాను నీళ్లు కొనుక్కునే ఊళ్లు మనవి. తాగను పనికిరాని బోరు నీళ్లు కూడా ఒళ్లు చల్లార్చడానికి పనికొస్తయ్, కాబట్టి తొట్టి నింపడానికి నీళ్లు లేవనే సాకు కుదరదు. ఈ వారమే మీ సాధన చేసే చోట ఒక డ్రమ్ము నింపి పెట్టుకోండి. అధికారులకి రాసే అర్జీ మీద మీ బ్యాచ్ అందరూ సంతకాలు పెట్టండి.