ఎత్తైన బండి, అందని నేల

బండి నడచుచున్నంతసేపు పొట్టివానికిని పొడుగువానికిని భేదము లేదు. ఎర్రదీపము వెలిగి, ముందున్న ఆటో హఠాత్తుగా ఆగినప్పుడు మాత్రమే మోటారుసైకిలుపై కూర్చున్న మనిషి తన కాలు ఎంత పొడవున్నదో తెలిసికొనును. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డు హిమాలయన్ వెలువడినది మొదలు, రాళ్లబాటలకును కొండదారులకును పనికివచ్చునట్లు రూపొందించిన ఎత్తైన బండ్లు మన నగరవీథులలో సైతము విరివిగా కానవచ్చుచున్నవి. లంబసింగి మంచు చూడబోవువారును, శ్రీశైలము ఘాటు దాటిపోవువారును వానినే కోరుచున్నారు. కాని షోరూములో ఆ సీటుపైకి ఎక్కి, మునివ్రేళ్లు మాత్రమే నేలకు తగులుచుండగా, సేల్సుమన్ కంటబడకుండ నడుమును అటునిటు జరుపుకొను అయిదడుగుల మూడంగుళముల మనిషి అవస్థ చెప్పనలవి కాదు. ఇట్టివారిలో కొందరు కోరిక చంపుకొని స్కూటరు కొందురు. కొందరు పట్టుబట్టి ఆ బండినే కొని, పిమ్మట దానిని దించు మార్గములు వెదకుదురు.

పాత హిమాలయన్ సీటు నేలనుండి 800 మిల్లీమీటర్ల ఎత్తున ఉండెడిది; 2023 చివర వచ్చిన 450 సీటు 825; హీరో ఎక్స్‌పల్స్ 200 ఫోర్‌వీ ప్రో సీటైతే ఏకముగా 891. ఈ ఎత్తు అలంకారమునకై పెట్టినది కాదు. కొత్త హిమాలయన్ చక్రములు రెండును గుంటలలో 200 మిల్లీమీటర్ల మేర పైకిని క్రిందికిని ఆడగలవు. బండి అడుగునకును నేలకును నడుమ 230 మిల్లీమీటర్ల ఎడము కలదు. చక్రము అంత దూరము పైకి లేచినను దేనికిని రాచుకొనకుండవలెనన్నచో చట్రము ఎత్తుననే ఉండక తప్పదు. చట్రముతోపాటు సీటును ఎత్తునకు పోవును. కావున బండిని దించుట యనగా ఆ ఎడములోనో, ఆ కదలికలోనో, కూర్చుండు మెత్తదనములోనో కొంత వదలుకొనుట. దేనిని వదలుకొనుచున్నామో ఎరిగి వదలుకొనుటయే ఇందులోని నేర్పు.

స్పానరు పట్టుటకు ముందు టేపు పట్టవలెను. మనిషి ఎత్తు ఒక్కటే చాలదు; ఒకే ఎత్తుగల ఇద్దరిలో ఒకని కాళ్లు పొడవు, మరియొకని మొండెము పొడవు. సీటు ముందుభాగము వెడల్పుగా ఉన్నచో తొడలు విచ్చుకొని, ఉన్న కాలిపొడవు కూడ కొంత వృథాయగును. వీనికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు: మనిషి కూర్చుండగనే బండి ఎంత క్రుంగుచున్నదో చూడవలెను. దీనికి ఇద్దరు సహాయకులు కావలయును. వెనుక చక్రము గాలిలో ఉండునట్లు బండిని పైకెత్తి, ఇరుసునుండి నిలువుగా పైనున్న ఒక బోల్టువరకు కొలిచి వ్రాసికొనవలెను. తరువాత బండిని నేలకు దించి, ఎక్కువాడు హెల్మెటుతోను బూట్లతోను సహా ఎక్కి కూర్చుండగా, ఒకరు హ్యాండిలు పట్టుకొన, రెండవవారు అదే కొలతను మరల తీయవలెను. ఆ రెంటి భేదము మొత్తము కదలికలో ఇంచుమించు మూడవవంతు, అనగా 200 మిల్లీమీటర్ల బండికి 60 మొదలు 65 వరకు, ఉండుట మేలు. పొట్టివారు తరచుగా తేలికపాటివారు కూడ అగుటచే, బరువైన మనిషిని ఉద్దేశించి అమర్చిన స్ప్రింగు వారి క్రింద అంతగా క్రుంగదు. పాపము, కాలు పొట్టియగుటకు తోడు బండి వారికి మరింత ఎత్తుగా నిలుచును! షాకబ్జర్బరు స్ప్రింగును ముందుగానే నొక్కి ఉంచు బిగింపును కొంత వదులు చేసినచో, పైసా ఖర్చు లేకుండ కొన్ని మిల్లీమీటర్లు దిగివచ్చును. అయితే మరీ వదులు చేసినచో, స్పీడుబ్రేకరు దాటునప్పుడెల్ల షాకబ్జర్బరు అట్టడుగునకు కొట్టుకొనును.

రెండవ ఉపాయము సీటు. కొత్త హిమాలయన్‌కు కంపెనీవారే 805 మిల్లీమీటర్ల తక్కువ సీటును వేరుగా అమ్ముచున్నారు. లేనిచో సీటు కుట్టువాడు లోపలి ఫోమును చెక్కి ఇచ్చును. అడుగున కోయించుటకంటె ముందుభాగమున రెండు ప్రక్కలను చెక్కించి సన్నము చేయించుట తెలివైన పని. పిఱుదుల క్రింద ఫోము మిక్కిలి పలుచనైనచో నూరు కిలోమీటర్లకే నడుము మొరపెట్టును. ఇక రెండు పాదములును నేలపై చదునుగా ఆనవలెననుట, నా యభిప్రాయమున, అనవసరపు పట్టుదల. ఎడమకాలు దించి, కుడికాలితో వెనుకబ్రేకు నొక్కిపట్టి, నడుమును ఎడమకు కొద్దిగా జరుపుట అలవడినవానికి అంగుళము లోటు లోటే కాదు. అయితే మన దేశమున ఎడమప్రక్కగా పోవుదుము గదా, రోడ్డు అంచు వాననీరు పోవుటకు ఎడమకే వాలియుండును. అంచున ఆగితిమా, దించిన కాలికి నేల మరికొంత లోతునకు పోవును. ఆగదలచినవాడు రెండడుగులు లోపలిగా ఆగవలెను.

ఇవేవియు చాలనివారే సస్పెన్షను జోలికి పోవలెను. హిమాలయన్ వంటి బండ్లలో వెనుక షాకబ్జర్బరు క్రిందికొన, వెనుక చక్రమును మోయు చేయికి (స్వింగార్మునకు) తిన్నగా తగిలింపబడక, మెకానిక్కులు డాగ్‌బోన్ అనెడి రెండు లోహపు పట్టీలతో కూడిన మీటల అమరికకు తగిలింపబడి యుండును. సాధారణముగా ఆ పట్టీలను కొద్ది మిల్లీమీటర్లు పొడవైనవానితో మార్చినచో, ఏతాము మొదట త్రొక్కిన జానెడు చివర బారెడైనట్లు, వెనుకభాగము అంగుళము మేర దిగును. పని సులువు, ఖర్చు స్వల్పము. అందుచేతనే ఎల్లరును దీనికే ఎగబడుదురు. కాని షాకబ్జర్బరు పొడవు మారలేదు గనుక, పెద్ద గుంటలో చక్రము మునుపటికంటె ఆ అంగుళము అధికముగా పైకి పోవును. వెనుక మనిషిని ఎక్కించుకొన్నప్పుడు టైరు మడ్‌గార్డును ఒరయుట ఇందువలననే.

వెనుక దించి ముందు దింపకున్నచో ముందుఫోర్కు మరింత ఏటవాలై, బండి తిరుగుట మందగించును. హెడ్‌లైటు పైకి లేచి ఎదుటివారి కన్నులలో పడును. ముందు మాత్రమే దించినచో ఫోర్కు నిటారై హ్యాండిలు చపలమగును. కావున ఫోర్కు గొట్టములను వానిని పట్టియుంచు బిగింపులలో పైకి జరిపి రెండు వైపులను సరిచేయవలెను. ఫోర్కు ఏటవాలుగా ఉండుటచే, 20 మిల్లీమీటర్లు జరిపినచో నిలువున దిగునది సుమారు 18 మాత్రమే. ఫోర్కు పూర్తిగా నొక్కుకొన్నప్పుడు ముందు మడ్‌గార్డు దేనికిని తగులకున్నదా, హ్యాండిలు తిప్పినప్పుడు బ్రేకు గొట్టము బిగుసుకొనకున్నదా అని చూచుకొనవలెను.

ఎక్కువమంది మరచునది సైడుస్టాండు. బండి దిగి స్టాండు మునుపటి పొడవున ఉండుటచే, బండి ఇంచుమించు నిటారుగా నిలిచి, పిల్లవాడు తాకినను కుడివైపునకు పడిపోవును. కోసి వెల్డింగు చేయించుటకు ముందు తేలికైన పరీక్ష యొకటి కలదు: స్టాండు పాదమును నేలపైననే ఉంచి, రెండు చక్రముల క్రిందను సమానమైన పలకలను పెట్టి చూడవలెను, ఎంత మందపు పలకలతో పాత వాలు తిరిగివచ్చినదో ఇంచుమించు అంతే కోయవలెను.

నిజమునకు సవ్యమైన మార్గము వేరు. ఫోర్కులోను షాకబ్జర్బరులోను అడ్డుముక్కలు వేసి, అవి సాగు పొడవునే తగ్గించి, తగిన స్ప్రింగు అమర్చినచో, చక్రము పైకి పోవు హద్దు మారదు గనుక ఏదియు దేనికిని తగులదు. పోవునది కదలిక మాత్రమే. కాని అధిక పీడనపు వాయువు నింపిన షాకబ్జర్బరును వీథిచివర దుకాణమున విప్పించుట ప్రాణాపాయకరము; ఆ విద్య తెలిసినవారి చేతనే చేయింపవలెను. కంపెనీలును ఈ త్రోవనే త్రొక్కుచున్నవి: 2023లో కేటీఎమ్ మన దేశమున విడుదల చేసిన 390 అడ్వెంచర్ వీ సీటు, 855 మిల్లీమీటర్ల మూలరూపమునకు భిన్నముగా, 830 మాత్రమే. హార్లీ డేవిడ్‌సన్ 2021లో తెచ్చిన పాన్ అమెరికాలో, ఆగబోవునప్పుడు బండి తానే క్రుంగి, కదలగనే లేచు ఏర్పాటు కలదు. దాని వెల మాత్రము మనబోటివారికి మరియొక ఎత్తు.

1988 మోటారు వాహన చట్టము 52వ సెక్షను, తయారీదారు తొలుత నిర్దేశించిన వివరములకు రిజిస్ట్రేషను పత్రములోని వివరములు భిన్నమగునట్లు బండిని మార్చరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే నొక్కిచెప్పినది. కావున కంపెనీ అమ్ము భాగము దొరకుచుండగా బయటి భాగము జోలికి పోకుండుటయు, చేసిన మార్పును బీమా కంపెనీకి వ్రాతమూలకముగా తెలుపుటయు క్షేమము.

పని ముగిసిన పిమ్మట చైను వదులును మరల సరిచూడవలెను; వెనుక చక్రమును మోయు చేయి వాలు మారినప్పుడు అదియు మారును. హెడ్‌లైటును గోడకెదురుగా నిలిపి దించుకొనవలెను. వెనుక మనిషిని ఎక్కించుకొని వీథిలోని స్పీడుబ్రేకరును మెల్లగా దాటి, అడుగున ఏదైన ఒరసినదేమో చెవియొగ్గి వినవలెను. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత విప్పిన బోల్టులన్నిటిని మరియొకసారి బిగింపించుకొనవలెను. మార్చి తీసిన పాత పట్టీలను మాత్రము పారవేయరాదు. బండి అమ్మునాడు కొనవచ్చువాడు ఆరడుగులవాడు కావచ్చును.