దక్కనీ మీది వ్యాసమును తూచుట ఎట్లు?

చార్మినారు కడనుండి పత్థర్‌గట్టీ మీదుగా మదీనా కూడలి వరకు నడచినవారి చెవిని “నక్కో”, “హౌ”, “కైకు” అను మాటలు పడక మానవు. ఆ బజారులో గాజులు బేరమాడు తెలుగువారు గూడ వచ్చినంతవరకు ఈ మాటలతోనే పని జరుపుకొందురు. ఈ భాషకు దక్కనీ అని పేరు. నేడు దీనినిగూర్చి తెలిసికొనగోరు విద్యార్థి గ్రంథాలయమునకు పోకమునుపే చేతిలోని ఫోనులో అంతర్జాల విజ్ఞానసర్వస్వమును తెరచును. అందు మొదటి వాక్యమే “దక్కనీ యనగా చెడిన ఉర్దూ” అని యున్నచో ఆ పిల్లవాడు ఏమి చేయును? తరగతిలో తన యింటి మాటను దాచుకొనును. కావున అట్టి వ్యాసము నమ్మదగినదా కాదా యని తేల్చుకొను నేర్పు పండితులకే గాక గృహస్థులకును కావలసియున్నది.

పూర్వము ఈ చిక్కు ఇంతగా లేదు. 1906లో ఈ హైదరాబాదులోనే విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పినవారిలో ముఖ్యులైన కొమర్రాజు లక్ష్మణరావుగారు తరువాత ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును తలపెట్టిరి. అది ముగియకుండగనే 1923లో వారు కాలధర్మము నొందిరి. అట్టి గ్రంథమునకు సంపాదకుని పేరే పూచీ. వికీపీడియా పద్ధతి వేరు. 2001లో ఇంగ్లీషునను, 2003 డిసెంబరులో తెలుగునను మొదలైన ఈ సర్వస్వమున ఎవరైనను వ్రాయవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును. ఇచ్చట పూచీ వ్రాసినవాని పేరుమీద గాక, వాక్యము చివర చూపిన ఆధారముమీద నిలుచును. చాలమంది పాఠకులు వ్యాసము పొడవు చూచి మెచ్చుకొందురు. అది పొరపాటు.

మొదట కాలక్రమమును చూడవలెను. బహమనీ సుల్తానుల నాడు, 15వ శతాబ్దిలోనే, నిజామీ యను కవి “కదంరావ్ పదంరావ్” అను కావ్యమును ఈ భాషలో వ్రాసెను. 1591లో ఈ నగరమును నిర్మించిన ముహమ్మద్ కులీ కుతుబ్‌షా స్వయముగా దక్కనీ కవి. వజ్హీ “సబ్‌రస్” అను వచనగ్రంథమును 1635లో రచించెను. దక్కను కవియగు వలీ ఢిల్లీకి పోయినది 1700లో. అప్పటివరకు ఉత్తరాదిని పారసీకమునకే మన్నన హెచ్చు. దేశభాషలో గజలు వ్రాయవచ్చునను ఉత్సాహము ఆయన రాకతో అచ్చటి కవులలో ప్రబలెను. ఈ నాలుగు సంగతులును ఒకచోట పెట్టి చూచినవానికి “చెడిన ఉర్దూ” అను మాట నిలువదని తెలియును. ముందు పుట్టిన సాహిత్యము వెనుక వచ్చినదానికి చెడిన రూపమగుట ఎట్లు? వ్యాసమున ఈ తేదీలు లేకున్నను, ఉండియు మొదటి వాక్యముతో పొసగకున్నను లోపమే.

పిమ్మట వ్యాకరణము. ఇచ్చటనే మంచి వ్యాసము నాసివ్యాసమునుండి వేరుపడును. నాసివ్యాసము “నక్కో” వంటి వింతమాటలను పట్టికగా పేర్చి నవ్వించి ఊరకుండును. మంచిది అమరికను చూపును. ఉత్తరాది ఉర్దూలో “మైఁనే రోటీ ఖాయీ” అందురు; కర్తకు “నే” చేరును, క్రియ రోటీ యొక్క స్త్రీలింగమును అనుసరించును. పాతనగరమున పురుషుడు “మైఁ రోటీ ఖాయా” అనును. “నే” లేదు, క్రియ కర్తనే అనుసరించును. మనము “నేను రొట్టె తింటిని” అనునపుడు జరుగునదియు ఇదియే. “వస్తానని చెప్పెను” అనుటకు ఇచ్చటివారు “ఆతుఁ బోల్కె బోలా” అందురు. మన “అని” చేయు పనిని “బోల్కె” చేయుచున్నది. “కితాబేఁ” అనుటకు మారు “కితాబాఁ” అను బహువచనము, “కలం” లోని మొదటి హల్లును “ఖ” గా పలుకుట, మరాఠీ “నకో”తో “నక్కో”కు గల చుట్టరికము, ఇవన్నియు నియమములే గాని తప్పులు గావు. ఇన్ని వివరములు లేకున్నను, రెండైనను ఉదాహరణవాక్యములతో చూపని వ్యాసమును భాషాశాస్త్ర వ్యాసమనుట కష్టము. వికీపీడియాలోనే అట్టి చిన్నవానిని “మొలక” అందురు. ఆ పేరు నాకు నచ్చినది.

ఇక ఆధారముల మాట. తెలుగును “ప్రాచ్య ఇటాలియను” అని నికోలో కోంటి పొగడెనను వాక్యమును మనము ఎన్నిసార్లు వినలేదు? అది ఆయన యాత్రావృత్తాంతమున ఏ పుటలో నున్నదని అడిగినచో చాలమంది మరియొక వ్యాసమును చూపుదురు. ఆ వ్యాసము ఇంకొకదానిని చూపును. కొన్నిచోట్ల ఆయన 16వ శతాబ్దివాడని గూడ వ్రాసిరి. 1469లో మరణించినవాడు ఆ శతాబ్దిని ఎట్లు చూచెనో! ఒకదానినొకటి చూపుకొను వ్యాసములు పది యున్నను సాక్షి ఒక్కడును లేనట్లే. దక్కనీ విషయమున మూలములకు కొదువ లేదు. గ్రియర్సన్ భాషాసర్వేక్షణములోని తొమ్మిదవ సంపుటము కలదు. 1930లో హిందుస్తానీ ధ్వనులపై గ్రంథము ప్రకటించి, 1940లో కులీ కుతుబ్‌షా కవితలను పరిష్కరించిన మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు హైదరాబాదువారే. వీనిని పేర్కొనక వార్తాపత్రికలలోని వినోదశీర్షికలనే చూపిన వ్యాసమును సందేహింపవలెను.

ఒక చిక్కు మిగిలియున్నది. “మా యింట ఇట్లే మాటలాడుదుము” అని మీరు వ్యాసమున చేర్చినచో తీసివేయుదురు. స్వంత పరిశోధన కూడదని నియమము. నియమము న్యాయమైనదే. అది లేనిచో ప్రతివాడును తన వీథినే భాషయని వ్రాయును. అయినను నోటిభాషలకు ఇది కఠినము. గ్రంథమున కెక్కని మాటకు అందు చోటుండదు. అట్టిచోట చేయదగినది కలదు. ప్రతి వ్యాసమునకు ప్రక్కన చర్చాపుట యుండును, దిద్దుబాటుల చరిత్ర యుండును. తప్పు వాక్యము ఎప్పుడు చేరెనో చరిత్రలో చూచి, అది తప్పనుటకు జోర్ గారి గ్రంథముననో సర్వేక్షణముననో గల పుటసంఖ్యను చర్చాపుటలో వ్రాయవలెను. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమునకు చార్మినారునుండి మూసీ వంతెన దాటినచో కాలినడకనే పోవచ్చును.