కందకుర్తి నుంచి కడలి అడుగు దాకా: అవక్షేపాల ప్రయాణం



వానాకాలంలో కందకుర్తి వద్ద గోదావరిని చూశారా? మంజీర, హరిద్ర వచ్చి కలిసే ఆ చోట నీరు చిక్కని గోధుమ రంగులో ఉంటుంది. ఒక గాజు సీసాలో ఆ నీరు తెచ్చి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లవారేసరికి అడుగున ఇసుక, దానిపై సన్నని ఒండ్రు, ఆపైన ఇంకా తేరని నీరు కనిపిస్తాయి. ఈ పాఠంలోని ముఖ్య సూత్రం ఆ సీసాలోనే ఉంది.

1. పుట్టుక

ఎండ, వాన, చెట్ల వేళ్ల ప్రభావంతో శిలలు పగిలి, రసాయనికంగా మారడాన్ని శైథిల్యం అంటారు. గోదావరి ఎగువ ప్రాంతంలో ఎక్కువ భాగం దక్కన్ నాపల బసాల్ట్ శిల. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందటి లావా నుంచి ఏర్పడిన ఈ శిల శిథిలమై నల్లరేగడిగా మారింది. బోధన్ ప్రాంతంలో చెరకు పండించే నల్లనేలలు అలాంటివే.

2. రవాణా

గులకరాళ్లు నది అడుగున దొర్లుతాయి. ఇసుక గెంతుతూ పోతుంది. బంకమన్ను నీటిలో తేలుతూ సాగుతుంది. వేగం తగ్గిన చోట బరువైన రేణువులు ముందుగా దిగుతాయి. జలాశయంలో జరిగేది ఇదే. 1931లో పూర్తయిన నిజాంసాగర్ తొలి సామర్థ్యం 29 టీఎంసీలకు పైగా ఉండేది. పూడిక వల్ల అది సగానికన్నా తగ్గడంతో 1970వ దశకంలో నీటిమట్టాన్ని పెంచవలసి వచ్చింది. 112 టీఎంసీల శ్రీరాంసాగర్ సామర్థ్యం 1994 సర్వే నాటికి సుమారు 90 టీఎంసీలకు పడిపోయింది.

3. నిక్షేపణ

మిగిలిన ఒండ్రు బంగాళాఖాతం చేరుతుంది. ఇసుక నదీముఖం వద్దే దిగితే, అలలు దాన్ని తీరం వెంట జరుపుతాయి. కాకినాడ ఎదుటి హోప్ ఐలాండ్ అలా ఏర్పడిన ఇసుక దిబ్బే. బంకమన్ను మాత్రం అంత తేలికగా దిగదు. చక్కెర ఫ్యాక్టరీలో చెరకు రసానికి సున్నం కలిపితే సన్నని మలినాలు గుంపుకట్టి మడ్డిగా అడుగుకు చేరతాయి కదా! సముద్రపు ఉప్పు కూడా బంకరేణువులను అలాగే గుంపుకట్టిస్తుంది.

తీరం నుంచి లోతు తక్కువగా సాగే భాగం ఖండతీరపు అంచు. దాని తరువాత ఏటవాలుగా దిగేది ఖండతీరపు వాలు. అంచు చివర పేరుకున్న బురద ఒక్కోసారి జారి, నీటితో కలిసి కొండచరియలా వాలు మీదుగా దూసుకుపోతుంది. దీన్ని పంకిల ప్రవాహం అంటారు. 1929లో న్యూఫౌండ్‌లాండ్ దగ్గర భూకంపం తరువాత ఇలాంటి ప్రవాహం సముద్రగర్భంలోని టెలిగ్రాఫ్ కేబుళ్లను ఒకదాని తరువాత ఒకటిగా తెంచింది. వేగం తగ్గాక ముతక రేణువులు కింద, సన్ననివి పైన పేరుకుంటాయి. మీ సీసాలోని వరుస కూడా ఇదే.

4. మనకెందుకు?

జలాశయంలో ఆగిన ఒండ్రు రెండు చోట్ల నష్టం చేస్తుంది. ఇక్కడ మన పొలాలకు అందే నీరు తగ్గుతుంది. అక్కడ కొత్త ఒండ్రు చాలక గోదావరి డెల్టా అంచు కొన్నిచోట్ల అలలకు కోసుకుపోతోంది. నిజామాబాద్ రైతు సమస్య, కోనసీమ మత్స్యకారుని సమస్య ఒకే మట్టికి రెండు కొసలు. అందుకే ఎగువన గట్లు, చెట్లతో నేలకోతను ఆపడం, చెరువు పూడికను తిరిగి పొలాలకు చేర్చడం అవసరం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఊరి చెరువులో కాలువ కలిసే చోట, తూము దగ్గర చెరో పిడికెడు మట్టి తీసి చూడండి. ఏది ముతకగా ఉంది? కారణాన్ని ఐదు వాక్యాలలో రాయండి.