విహారయాత్రలో భోజనానికి ముందస్తు చెల్లింపు: ఎవరికి గిట్టుబాటు?

సాలువా (ఖరగ్‌పూర్): పూజల సెలవులు దగ్గరపడేసరికి రైల్వే కాలనీలలో రెండు విషయాలే చర్చకు వస్తాయి. ఒకటి బోనస్, రెండవది ప్రయాణం. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ కేంద్రమూ, వైమానిక దళ స్థావరమూ ఉన్న సాలువా మొదలుకొని మథురాకాటి, నింపురా, మలంచ వరకు స్థిరపడిన ఉద్యోగి కుటుంబాలకు సముద్రతీర విహారమంటే దీఘా, మందార్‌మణి లేదా పూరీ. ఇటీవలి సంవత్సరాలలో ఈ ప్రయాణపు లెక్కలో ఒక కొత్త పద్దు చేరింది. గది కేటాయింపుతో పాటే భోజనానికి కూడా ముందుగానే సొమ్ము చెల్లించమని రిసార్టులు అడుగుతున్నాయి. ఇలా చెల్లిస్తే ‘చౌక’ అని, ‘ఏ చింతా లేదు’ అని ప్రకటనలు చెబుతున్నాయి. ఇందులో నిజమెంత అన్నది కుటుంబాన్ని బట్టి, ఊరిని బట్టి మారుతుంది.

రైల్వే కుటుంబానికి ఈ ప్రశ్న మరికాస్త ముఖ్యమైనది. పాస్ ఉన్నందున పూరీ ప్రయాణానికి టిక్కెట్టు ఖర్చు ఉండదు. గది తర్వాత మిగిలే పెద్ద ఖర్చు భోజనమే. నాన్‌గెజిటెడ్ ఉద్యోగులకు 2024లోను, 2025లోను 78 దినాల వేతనానికి సమానమైన ఉత్పాదకతా బోనస్ లభించింది. అయితే లెక్కకు తీసుకొనే నెలసరి వేతనం పరిమితి 7,000 రూపాయలే కనుక ఎంత సర్వీసున్నా గరిష్ఠంగా చేతికి వచ్చేది 17,951 రూపాయలు. ఐదుగురున్న కుటుంబం రెండు రోజుల భోజనానికి ఇందులో సగానికి పైగా ముందే చెల్లించవలసి వస్తే ఒకసారి కాగితం, కలం పట్టుకొని కూర్చోవడం తప్పు కాదు.

హోటళ్లవారు వాడే పొడి అక్షరాల అర్థం మొదట తెలుసుకోవాలి. ఇ.పి. అనగా యూరోపియన్ ప్లాన్, కేవలం గది అద్దె. సి.పి. అనగా కాంటినెంటల్ ప్లాన్, గదితో పాటు ఉదయపు ఫలహారం. ఎం.ఎ.పి. అనగా మాడిఫైడ్ అమెరికన్ ప్లాన్, ఫలహారంతో పాటు మధ్యాహ్నం లేదా రాత్రి ఒక పూట భోజనం. ఎ.పి. లేదా అమెరికన్ ప్లాన్‌లో మూడు పూటలా తిండి రిసార్టుదే. 19వ శతాబ్దపు అమెరికా హోటళ్లు గదికి, భోజనానికి కలిపి ఒకే ధర వసూలు చేసేవి. ఐరోపాలో దేని ధర దానిదే. ఈ పేర్లకు మూలం అదే.

ముందస్తు చెల్లింపు కూడా నిన్న మొన్నటి ఆలోచన కాదు. యాత్రల వ్యాపారానికి ఆద్యులలో ఒకడైన థామస్ కుక్ 1868లోనే హోటల్ కూపన్లు ప్రవేశపెట్టాడు. యాత్రికుడు ఇంగ్లండులో సొమ్ము కట్టి కూపన్లు తీసుకుంటే పరదేశపు హోటలులో వాటితో బస, భోజనం లభించేవి. 1950లో జెరార్డ్ బ్లిట్జ్ అనే బెల్జియం దేశస్థుడు స్పెయిన్‌కు చెందిన మజోర్కా దీవిలో గుడారాలు వేసి ప్రారంభించిన క్లబ్ మెడిటరేనియన్ ఈ పద్ధతిని మరో మెట్టు ఎక్కించింది. అక్కడ తిండి మొత్తం ఒకే ధరలో కలిసిపోయింది. ఆ క్లబ్బులో కూడా మద్యపానీయాలకు విడిగా పూసలు ఇచ్చి వసూలు చేసేవారు. ‘అన్నీ కలిపి’ అన్న మాటలో ఏమి కలవలేదో అడగవలసిన అవసరం నాటి నుంచీ ఉన్నదన్నమాట.

రిసార్టుకు దీనివల్ల కలిగే లాభం సుస్పష్టం. ఎందరికి వండాలో ముందే తెలుస్తుంది. సొమ్ము ముందే చేతికి అందుతుంది. అతిథి రాని పూట ఖర్చు మిగులుతుంది. ఈ మూడవ అంశమే వినియోగదారుకు నష్టం. మనిషి తన రేపటి వాడకాన్ని ఎక్కువగా అంచనా వేసుకుంటాడని ఆర్థికవేత్తలు నిరూపించారు. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్‌రికే మాల్మెండియర్ 2006లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఇందుకు ప్రసిద్ధమైన తార్కాణం. నెలకు 70 డాలర్లకు పైగా చెల్లించి వ్యాయామశాలలో చేరినవారు సగటున నెలకు 4.3 సార్లు మాత్రమే వెళ్లారు. వెళ్లిన ప్రతిసారికీ వారికి పడిన ఖర్చు 17 డాలర్లు పైమాటే. ఏ చందా లేకుండా పది డాలర్ల పాస్‌తో వెళ్లే వీలు వారికి ఉన్నది. భోజనం ప్లాన్ కొనేవారు కూడా ప్రతి పూటా రిసార్టులోనే కూర్చుంటామనే ఊహతో కొంటారు.

ఇక మన లెక్కకు వద్దాం. విదేశీ వార్తాసంస్థలు పంపే విహార కథనాలలో కుటుంబమనగా తల్లి, తండ్రి, ఇద్దరు చిన్నపిల్లలు. మన కుటుంబంలో నాయనమ్మ కూడా ఉంటుంది. ఉదాహరణకు భార్యాభర్తలు, నాయనమ్మ, పదమూడేళ్ల కుమారుడు, ఎనిమిదేళ్ల కుమార్తె దీఘాలో రెండు రాత్రులు ఉంటారనుకుందాం. ఎం.ఎ.పి. కింద ఫలహారానికి, రాత్రి భోజనానికి పెద్దవారికి రోజుకు 1,100 రూపాయలు, బాలలకు అందులో సగం అని ఊహిద్దాం. పన్నెండేళ్లు దాటితే పెద్దవారి కింద కట్టడం చాలాచోట్ల వాడుక కనుక కుమారునికి పూర్తి ధర పడుతుంది. లెక్కకు నాలుగున్నర మంది. రోజుకు 4,950, రెండు రోజులకు 9,900. ఐదు శాతం పన్ను చేరితే 10,395 రూపాయలు.

ఇదే కుటుంబం ప్లాన్ లేకుండా అదే రిసార్టులో కావలసినవి మాత్రమే తెప్పించుకుంటే? ఫలహారానికి మనిషికి 250 చొప్పున 1,250, రాత్రి నలుగురు పంచుకొని తినే వంటకాలకు, నాయనమ్మ పెరుగన్నానికి కలిపి 2,000 అనుకుంటే రోజుకు 3,250. రెండు రోజులకు పన్నుతో 6,825. బయట తింటే ఇంకా తగ్గుతుంది. ఉదయం లూచీ, ఆలూకూరతో ఐదుగురికి 500, రాత్రి చేపల భోజనానికి 1,300 చొప్పున రెండు రోజులకు 3,600తో సరిపోతుంది. ఈ ధరలు ఊహించినవే; ఎవరికి వారు తమ రిసార్టు ధరలు వేసుకొని చూడవచ్చు. కాని తేడా ఎక్కడ పుడుతున్నదో గమనార్హం. ప్లాన్‌లో ప్రతి తలకూ పూర్తి బఫే ధర పడుతుంది. విడిగా తెప్పించుకుంటే ఒక పళ్లెం ఇద్దరు పంచుకుంటారు. రాత్రిపూట రెండు అరటిపళ్లు, గ్లాసు పాలతో సరిపెట్టుకొనే నాయనమ్మకు, పదమూడేళ్ల మనుమడికి ఒకే ధర. పైగా ఆమెకు ఆ రోజు ఏకాదశి అయితే కట్టిన సొమ్ము మొత్తం ఉపవాసమే.

దీఘా వెళ్లేవారిలో చాలామంది వెళ్లేదే తినడానికన్నది మరో సత్యం. సముద్రపు గట్టు వెంబడి బళ్లపై అప్పటికప్పుడు వేయించి ఇచ్చే పాంఫ్రెట్ చేప, రొయ్యలు, మోహనా చేపల రేవులో దిగే తాజా సరుకు వదలి రిసార్టు హాలులో వరుసగా పెట్టిన డబ్బాల మూతలు ఎత్తి చూసుకోవడానికి పిల్లలు ఒప్పుకోరు. సాయంత్రం బండి దగ్గర కడుపు నిండిన కుటుంబం రాత్రి తొమ్మిదింటికి బఫేకు వెళ్లి చేసేది కూడా ఏమీ ఉండదు. కాని సొమ్ము కట్టాం గదా అని వెళ్తారు. ఆకలి లేకపోయినా తింటారు. ఒక రాత్రి మానివేసినా, ఫలహారం వాటా 350 తీసివేయగా తలకు 750 చొప్పున 3,375 రూపాయలు వదులుకున్నట్టే.

పూరీలో ఎ.పి. తీసుకొనేవారు మరింత ఆలోచించాలి. జగన్నాథుని దర్శనానికి వెళ్లిన కుటుంబం ఆనంద బజారులో మహాప్రసాదం స్వీకరించకుండా తిరిగి రావడం అరుదు. అంటే ఒక మధ్యాహ్న భోజనం ఖాయంగా వృథా. దీఘాలో కూడా 2025 ఏప్రిల్ 30న జగన్నాథాలయం ప్రారంభమైన తర్వాత ఉదయపు వేళలు గుడికే పోతున్నాయి. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు వెళ్లేవారి సంగతి చెప్పనక్కరలేదు. ఊళ్లో చుట్టాలు ఉండగా రిసార్టులో భోంచేశామంటే వచ్చే నిష్ఠూరానికి ఏ ప్లాన్‌లోనూ పరిహారం లేదు.

అట్లని ముందస్తు చెల్లింపు ఎల్లవేళలా నష్టమనడం సరికాదు. మందార్‌మణి వంటి చోట కొన్ని రిసార్టులు ఊరికి దూరంగా తీరం వెంబడి ఉన్నాయి. రాత్రి చీకటి పడిన తర్వాత చిన్నపిల్లలతో, వృద్ధులతో భోజనం కోసం ఇసుకదారిన బయలుదేరడం కష్టం. అక్కడ వంటశాల ఒక్కటే దిక్కు. విడిగా బఫే ధర ఫలహారానికి 350, భోజనానికి 850 అయితే 1,100 రూపాయల ప్లాన్ తలకు వంద మిగులుస్తుంది. బాగా తినే యువకులున్న బృందానికీ ఇది గిట్టుబాటే. ఇక లెక్కకు అందని లాభం ఒకటున్నది. ఏడాది పొడుగునా ఉదయం ఏమి వండాలి, రాత్రికి ఏమి వండాలి అని ఆలోచించే ఇల్లాలికి రెండు రోజులు ఆ ప్రశ్న ఉండదు. మెనూ కార్డులో కుడివైపు అంకెలు ముందు చూసి, ఎడమవైపు పేర్లు తర్వాత చదివే ఇంటిపెద్దకు కూడా అంతే. దీనికి రెండు వేలు ఎక్కువ పెట్టవచ్చునని ఎవరైనా భావిస్తే అది అవివేకం కాదు. ఎంత ఎక్కువ పెడుతున్నామో తెలిసి పెట్టాలి.

చాలా కుటుంబాలకు మధ్యేమార్గం సి.పి. ఉదయం అందరూ రిసార్టులోనే ఉంటారు, అందరికీ ఆకలి ఉంటుంది, ఫలహారం ధర కూడా తక్కువ. మిగిలిన పూటలు స్వేచ్ఛ. తెల్లవారుజామున బస్సు పట్టుకోవలసిన రోజున మాత్రం ఫలహారం వేళ ఎప్పుడు మొదలవుతుందో అడిగి, కట్టి ఇవ్వగలరేమో కనుక్కోవాలి.

రైల్వేలోనే ఇటువంటి ఏర్పాటు ఉన్నది. రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో భోజనం ధర టిక్కెట్టులోనే కలిసి ఉండేది. 2017లో వద్దనుకొనేవారికి ఆ సొమ్ము మినహాయించుకొనే వీలు కల్పించారు. ముందు వద్దని రైలులో అడిగితే 2022 నాటి ఉత్తర్వు ప్రకారం భోజనానికి అదనంగా 50 రూపాయలు పడుతుంది. ముందు చెప్పినవారికి ఎంత చౌకో, మనసు మార్చుకున్నవారికి ఎంత ఖరీదో అక్కడ అచ్చులోనే ఉంటుంది. రిసార్టును కూడా ఇదే అడగాలి: ప్లాన్ లేకుండా వచ్చి అక్కడ కొంటే ఒక్కొక్క పూట ధర ఎంత? ఈ జవాబు రాకుండా ప్లాన్ చౌక అని నిర్ణయించడానికి ఆధారమే లేదు.

పన్ను విషయం కొంత చిక్కైనది. రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులపై జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆపైన 18 శాతం. గదిని, భోజనాన్ని ఒకే మొత్తంగా అమ్మితే గది రేటే భోజనానికీ వర్తించే అవకాశమున్నది. కనుక ఏడు వేల గదికి భోజనం కలిపి పదివేల ప్లాన్‌గా అమ్మినపుడు పన్ను ఎంత శాతమో, దేనిపై వేస్తున్నారో బుకింగుకు ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. బిల్లులో ‘సర్వీస్ చార్జి’ కనిపిస్తే అది పన్ను కాదు. దానిని బిల్లులో తమంతట తాము కలపరాదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు జారీ చేయగా, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది.

అన్నింటికంటె పెద్ద ప్రమాదం ప్రయాణమే రద్దు కావడం. 2021 మే 26న యాస్ తుపాను తీరం దాటిన రోజున సముద్రపు నీరు దీఘా వీధులలోకి వచ్చింది. 2024 నవంబరులో తీర పరిరక్షణ నిబంధనల ఉల్లంఘనపై మందార్‌మణి ప్రాంతంలో 140 హోటళ్లు కూల్చివేయాలని జిల్లా యంత్రాంగం ఆదేశించింది. కలకత్తా హైకోర్టు దానిపై స్టే ఇచ్చింది. ఇటువంటి సందర్భాలలో గది బయానా తిరిగి ఇస్తామనే హోటళ్లు భోజనం సొమ్ము గురించి ఏమంటాయో నిబంధనల పత్రంలో చూడాలి. ‘తిరిగి చెల్లించబడదు’ అని ఉంటే, గదిని ముందుగా ఖాయం చేసుకొని భోజనం ప్లాన్‌ను అక్కడికి చేరిన తర్వాత తీసుకొనే వీలు అడగడం మంచిది. పూజల రద్దీ రోజులలో మినహా చాలామంది నిర్వాహకులు దీనికి ఒప్పుకుంటారు.

వివాదం వస్తే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదు రిసార్టు ఉన్న జిల్లాకు వెళ్లి దాఖలు చేయవలసిన పని లేదు. సాలువా నివాసి తన సొంత పశ్చిమ మేదినీపూర్ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. రసీదు, ప్లాన్ వివరాలున్న సందేశం, ఏయే పూటలు భోజనం అందలేదో రాసుకున్న కాగితం జతచేయాలి.